చరణం రాని మొదటి ర్యాంకు

ఒకే ఒక్క పాటతో ఊపేసి మాయమైన పాప్ గాయకులకు నిన్న ఇక్కడే పోస్టు పెట్టి ర్యాంకులు ఇచ్చాను కదా. మొదటి ర్యాంకు పాట గురించి రాస్తూ ‘అజరామరం’ అనే మాట రెండుసార్లు వాడాను. ఈ రోజు ఆమదాలవలస స్టేషన్లో రైలు కోసం చూస్తూ, మా బావకు గర్వంగా అదంతా చదివి వినిపించాను.

“బాగా రాసినావు బామ్మర్దీ. ఏదీ, సరణం పాడు!”

పల్లవి పాడాను. కాస్త ఆగి, మళ్ళీ పల్లవే పాడాను. పక్క బెంచీవాళ్లు కూడా చరణం కోసం చూస్తున్నారు. ఆ పాటను బావ ఫోన్ కాలర్ ట్యూన్‌లో తప్ప ఎక్కడా వినలేదని ఒప్పుకోక తప్పలేదు.

“అయితే నాను ఫోన్ బేగి ఎత్తీడమే తప్పేటి? రేపట్నుంచి ఎత్తనులే, నేర్సుకో!”

నిన్న లైకు కొట్టినవాళ్లారా, నిజం చెప్పండి. మీలో ఒక్కరికైనా చరణం వచ్చా?