కడిగిన రీలు

మూకీ సినిమాల రీళ్ళు వెతకడం మొదలుపెట్టాక మనుషుల మీద నాకున్న కాస్త గౌరవం కూడా పోయింది. అరవైల చివరి మాట ఇది. విజయనగరంలో ఒకాయన, రీళ్ళు కాల్చి వాటి పూతలోని వెండి తీశానని మీసం మెలేసి మరీ చెప్పాడు. గజపతినగరం సంతలో గాజులమ్మే ఆవిడ బుట్టకి ఫిలిం ముక్కలతో అంచు అల్లి ఉంది. అందులో ఒక ఆడమనిషి ముఖం మధ్యకు మడతపడి కనిపించింది. రోత పుట్టింది నాకు.

ఆ రోజుల్లోనే చీపురుపల్లిలో ఒక ముసలావిడ దగ్గర రీలు ఉందని తెలిసి వెళ్ళాను. ఆవిడ భర్త పెళ్ళికి ముందు మద్రాసు పోయి ఏదో మూకీలో వేషం కట్టాడట. చనిపోయిన ఆ మనిషికి ఫొటో అంటూ ఒక్కటీ లేదు.

"గుర్రమెక్కి వస్తాడంట బాబూ. నానెప్పుడూ సూణ్ణేదు. ఒక్కపాలి సూపించండి, తరవాత మీరే పట్టుకుపొండి" అంది.

డబ్బా తెరిచి ఫిలిం వెలుగుకి పట్టి చూశాను. గుర్రం ఉంది, మనిషి ఉన్నాడు, తలపాగా కూడా తెలుస్తోంది. ఆయన సంవత్సరీకం నాటికి చేత్తో తిప్పే ప్రొజెక్టరు తెస్తానని మాటిచ్చాను.

తెచ్చాను. ఆ వేళకి ఇల్లంతా అలికి, ఆయన వాడిన చెంబులూ కంచాలూ చింతపండుతో తోమి ఎండలో బోర్లించారు. వాటి పక్కనే దండెం మీద ఫిలిం వేలాడుతోంది. గాజుముక్కలా ఉంది. ఆవిడ మరిది చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"అన్న సామాను కదా బాబూ, ఒకటే మురికి, ఒకటే కంపు. ఏణ్ణీళ్ళలో నానబెట్టి, కుంకుడుకాయెట్టి తోమీసినాను."

ఫిలిం మీద బొమ్మ నిలిచేది దానికి పూసిన జిగురులోనే. ఆ జిగురంతా నూతి పక్క కాలవలో నల్లగా పేరుకుంది. కోళ్ళు పొడుచుకు తింటున్నాయి. ఆ మనిషిని, ఆ కుంకుడు నురగని, మెరిసిపోతున్న ఆ చెంబుల్ని చూస్తే ఒళ్ళంతా అసహ్యం. నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణే. కానీ ఆవిడ అప్పటికే తలుపులు మూయించి, సున్నం కొట్టిన గోడకెదురుగా చాప మీద కూర్చుంది.

ఎక్కడైనా ఒక్క ముక్క మిగిలిందేమోనని రీలు ఎక్కించి తిప్పాను. ఏమీ మిగల్లేదు.

"సూసినావా వొదినా, కడిగితే ఎంత ఎలుగొచ్చినాదో!" అన్నాడు మరిది.

ఆవిడ తెల్లటి గోడ మీంచి చూపు తిప్పలేదు.

"ఎలుగుకేటి, బాగానే ఉన్నాది. ఆయనేరి బాబూ?" అని నన్నడిగింది.