ఏసోబు తాత ముప్పై రెండు నమళ్లు

ఏసోబు తాత మంచినీళ్లు కూడా నమిలి తాగేవాడు. నవ్వించడానికి అంటున్న మాట కాదిది. చెంబెత్తి ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, దవడలాడిస్తూ ముప్పై రెండు లెక్కపెట్టి, అప్పుడు మింగేవాడు. నీళ్లకే అంత మర్యాద అయితే జొన్నరొట్టె సంగతి చెప్పాలా? ఆయన రొట్టెముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు బయలుదేరిన ఎడ్లబండి, అది గొంతు దిగేసరికి ఊరి పొలిమేర దాటేది.

1958లో నేను హుజూర్‌నగర్‌కు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరి మిషను బడికి పంతులుగా వెళ్లాను. కేతేపల్లిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. కొత్త ఊళ్లో, ఒంటిగదిలో, నాకు తోడు నా కిరసనాయిలు పొయ్యి ఒక్కటే. మొదటి సాయంత్రం గోడ అవతల నుంచి టక్, టక్ మని చప్పుడు వినిపిస్తే, ఎవరో మావాళ్లే మగ్గం వేశారని ప్రాణం లేచొచ్చి పరుగెత్తాను. చూస్తే ఏసోబు తాత. కంచం అంచు మీద వేలితో కొడుతూ నమళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

మిషను దవాఖానలో ముప్పై ఏళ్లు కంపౌండరుగా పనిచేసి వచ్చిన మనిషి. భార్య గుర్వమ్మ పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు.

"దేవుడు ముప్పై రెండు పండ్లిచ్చిండు పంతులూ. పండుకొక్కసారి నమలాలె. సగం రోగాలు మింగుడుతోనే వస్తయి."

"నీకున్నయి పదకొండే గద తాతా?"

"ఊడిన పండ్ల పని గూడ ఉన్నయే చెయ్యాలె మరి!"

ఒక శనివారం ఇద్దరం హుజూర్‌నగర్ వెళ్లాం. తిరుగు బస్సుకు ఇంకా అరగంట ఉందని నూరుద్దీన్ హోటల్లో చాయ్ తాగడానికి కూర్చున్నాం. అదే నేను చేసిన పొరపాటు. తాత రెండు బిస్కెట్లు తీసుకున్నాడు. మొదటిది పూర్తయ్యేసరికి బస్సొచ్చింది. రెండోదానిలో సగమయ్యేసరికి వెళ్లిపోయింది. నూరుద్దీన్ గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి తాత ముందు నిలబడ్డాడు.

"తాతా, గా బిస్కెట్టును తింటున్నవా, సాదుకుంటున్నవా?"

తాత వేలెత్తి ఆగమన్నాడు. లెక్క ఇంకా ఇరవైలోనే ఉంది.

ఆరు మైళ్లూ నడిచాం. నేను కోపంతో విసవిసా నడిచాను. తాత మాత్రం నడక ఒంటికెంత మంచిదో దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఊరు రెండు మైళ్లుందనగా రాకాసి గుళ్లు వచ్చాయి. ఏ కాలం వాళ్లో చనిపోయిన తమవాళ్ల సమాధుల మీద నిలబెట్టిన పెద్ద పెద్ద బండలవి. తాత ఒక బండను అరచేత్తో తట్టాడు.

"జొన్నలు నమిలి తిన్నరు గాబట్టే గింత బండ లేపిండ్రు. నువ్వు హాజరు పుస్తకం లేపితేనే ఆయాసపడ్తవు."

నాకు ఒళ్లు మండింది. "నిజం చెప్పు తాతా, ఎందుకట్ల గంటలు గంటలు తింటవు?"

ఆయన బండ మీంచి చెయ్యి తీశాడు.

"గబగబ తింటే బువ్వయిపోతది పంతులూ. బువ్వయినంక ఏం చెయ్యాలె?"

మిగిలిన రెండు మైళ్లూ నేను ఆయన నడకకు తగ్గట్టు నెమ్మదిగా నడిచాను.

ఆ ఏడు కోతల పండుగకు చర్చి ముందు పందిరేసి ప్రేమవిందు పెట్టారు. పొద్దున పాస్టరయ్యగారు సహవాసం గురించి గంటసేపు ప్రసంగించారు. అందరూ ఆమెన్ అన్నారు, చూడ్డానికి వెళ్లిన నేను కూడా అన్నాను. తరువాత మోదుగాకు విస్తళ్లలో అన్నం, మాంసం కూర. నూట యాభై మంది అరగంటలో తిని లేచారు. పందిట్లో ఏసోబు తాత ఒక్కడే మిగిలాడు, నములుతూ.

వంట చేసిన రాజమణి గంటె ఊపుకుంటూ వచ్చింది. "గిన్నెలు ఎప్పుడు కడగాలె? పంతులూ, నీ మాటింటడు. లేపు జర!"

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. విస్తట్లో అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. దవడలు మాత్రం ఆడుతున్నాయి. నాకు అనుమానం వచ్చింది.

"తాతా, నోరు తెరువు."

తెరిచాడు. నోట్లో ఏమీ లేదు! వట్టి నోరు నములుతున్నాడు.

అప్పుడే చర్చి గోడ వెనక నుంచి బీరమ్మ వచ్చింది. చేతిలో సొంత సత్తుపళ్లెం. కుష్టు దవాఖానలో నాలుగేళ్లుండి, రెండేళ్ల కింద తిరిగొచ్చిన మనిషి. రోగం పూర్తిగా నయమైందని డాక్టర్లు కాయితం రాసిచ్చారు. ఊళ్లో ఆ కాయితం చదవడం చాలామందికి వచ్చు. ఆమె పక్కన కూర్చోవడమే ఎవరికీ రాలేదు. అందుకని ప్రతి విందుకూ పంక్తి లేచాకే వచ్చేది. ఆ రోజు నన్ను చూసి వెనక్కి తిరిగింది.

"ఎటు పోతున్నవ్ బీరమ్మా?" తాత పిలిచాడు. "నేనింక ముద్ద గూడ ముట్టలే. ఒక్కనికి సయిస్తలేదు. కూసో."

ఆమె నాలుగు మూరల దూరంలో కూర్చుంది. తాత తన విస్తరి పట్టుకుని జరిగి, ఆమె పళ్లెం పక్కనే పెట్టుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు చూడండి! ముద్ద వెనక ముద్ద. వానలెట్లున్నయి, మీ మేక ఈనిందా అని అడుగుతూ, మూడు నమళ్లకే మింగుతున్నాడు.

"తాతా, ముప్పై రెండేమైనయి?"

"మాట్లాడే మనిషుంటే లెక్క యాదికుంటదా పంతులూ?"

నేను పొట్ట పగిలేలా తిని ఉన్నాను. అయినా కేకేశాను. "రాజమణక్కా, నాక్కూడ జర బువ్వ పెట్టు. ఆకలి తీరలే."

రాజమణి అన్నం గంప పట్టుకుని వచ్చింది. నన్ను చూసింది, బీరమ్మను చూసింది. గంటె ఎత్తిన చెయ్యి కాసేపు అట్లాగే ఆగింది. తరువాత గంప దించింది.

"పొద్దుగాల్నుంచి వండుడే గాని తిన్నది లేదు. జరుగుండ్రి" అని బీరమ్మ పక్కనే చతికిలబడింది.

కూర గిన్నె కూడా దగ్గరకు లాక్కుని అందరికీ వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక బీరమ్మ తల ఎత్తకుండానే నెమ్మదిగా అంది.

"కూరల ఉప్పు తక్కువైంది రాజమణీ."

మేమంతా ముద్ద ఆపాం. వంటకు వంకపెడితే రాజమణి పాస్టరయ్యనైనా వదిలేది కాదు. గుడ్లురిమి చూసింది. కూర వేలితో తీసి నాలిక మీద రాసుకుని, ఆలోచించింది.

"వచ్చే ఏడు నువ్వే వచ్చి ఉప్పెయ్యి మరి" అంది. "పొయ్యి ముట్టియ్యంగనే రావాలె. గిట్ల అందరు తిన్నంక గాదు."