చేతులు చల్లబడనీ

మనవరాలు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసి ఇంటికొచ్చింది. చేతులు మండుతున్నాయంటే ఆముదం సీసా తీశాను. మూత తీయగానే ఆ వాసనకి ముక్కు మూసుకుంది. మూసుకోనీ. నాకు మాత్రం మధ్యాహ్నపు ఎండ, మట్టిగోడల చర్చి, సువార్తమ్మ గారి తెల్లచీర ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు తేలాయి.

సువార్తమ్మ గారు మా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి ప్రార్థన చేసేవారు. మూడో తరగతితో బడి మానేసిన నాకు బైబిల్ కూడబలుక్కుని చదవడం నేర్పింది ఆవిడే. పెళ్ళైన కొత్తల్లో ఒక శుక్రవారం, ఉపవాస ప్రార్థనలో మోకరించి ఉండగా, నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టనిపించింది. అడుగుల చప్పుడు లేదు. పత్తిచేను మీద మంచు దిగినట్టు ఒక చల్లదనం, అంతే. తెరిస్తే ప్రభువు వెళ్ళిపోతాడని కళ్ళు తెరవలేదు. అప్పట్నుంచి నాకదే ధ్యాస. పొద్దున మిరపచేలో కోత, అది కాగానే చర్చి. ఇంట్లో అత్త ఎడమపక్క పడిపోయి మంచాన ఉంది. లేపి నీళ్ళు తాగించే దిక్కు నేనే. అయినా ఆమె నాకు అడ్డుగానే కనిపించేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఒకరోజు సువార్తమ్మ గారు చర్చిలోకి వచ్చి నా భుజం తట్టారు.

“మీ అత్తకి నీళ్ళెవరు పోస్తున్నారే?”

“ఇప్పుడు లేస్తే ఆయన వెళ్ళిపోతాడేమోనండి.”

“వెళ్తే మీ ఇంటికే వెళ్తాడు. పద, చూద్దాం.”

వెళ్ళాను గానీ మనసు చర్చిలోనే ఉంది. త్వరగా ముగించి తిరిగి రావాలని గుడ్డ తడిపి అత్త మొహం గబగబా తుడిచాను. పొద్దున మిరపకాయలు కోసిన చేతులు సరిగ్గా కడుక్కోనే లేదు. అత్త కెవ్వుమంది.

“నా కళ్ళు పోయినయ్యే! దేవుడి దగ్గర్నుంచొచ్చి కళ్ళకి కారం పూస్తావటే?”

నేను గుడ్డ పడేసి వెనక్కి జరిగాను. సువార్తమ్మ గారే చెంబుడు నీళ్ళు తెచ్చి ఆమె కళ్ళు కడిగారు. చాలాసేపటికి అత్త కళ్ళు తెరిచి, నన్ను చూసి, మొహం తిప్పుకుంది. అప్పుడు సువార్తమ్మ గారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి దోసిట్లో ఆముదం పోశారు.

“రెండు చుక్కలు చాలండి, దండగ.”

“నోరు మూసుకో.” వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద నెమ్మదిగా రుద్దుతున్నారు.

“అయితే ఇక చర్చికి రావద్దా అండి?”

“రాకపోతే ఎట్టాగే? మోకాళ్ళూనేది చేతులు చల్లబడటానికేగా. మంటచేతుల్తో ఎవర్ని ముట్టుకుంటావు? చల్లబడ్డాక కూడా అక్కడే కూర్చుంటే ఆ ముసల్దాని మొహం ఎవరు తుడుస్తారు?”

మళ్ళీ లోపలికి వెళ్ళి అత్త కళ్ళు తుడిచాను. ఆమె తిట్టలేదు, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. కిటికీలోంచి పడే ఎండలో ధూళి తేలుతోంది. మంచానికి అవతల ఎవరో వచ్చి కూర్చున్నట్టనిపించింది. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు.

అగ్గిపుల్ల కూడా లెక్కగా వాడతానని ఇప్పటికీ ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతారు. మనవరాలి దోసిలి మాత్రం నింపేశాను.

“ఇంత పోశావేంటి నాయనమ్మా?”

“నోరు మూసుకో.”

ఉయ్యాల్లో దాని బిడ్డ లేచి ఏడుపందుకుంది. మనవరాలు చేతులు లాక్కోబోయింది. గట్టిగా పట్టుకున్నాను. వేళ్ళ సందులన్నీ రుద్ది, సబ్బుతో కడిగించి, ఆ చేతులు నా చెంపలకి ఆనించుకుని చూశాను. మంట లేదు.

“ఇక వెళ్ళు,” అన్నాను.