మండీ మునిరామయ్య గొంతు

చిత్తూరు బెల్లం మండీలో మునిరామయ్య వేలం మొదలుపెడితే రోడ్డు అవతల టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా ఆ పూట ధర తెలిసిపోయేది. మైకు పెట్టిస్తామని మండీ యజమాని ఎన్నిసార్లు అన్నా ఆయన ఒప్పుకోలేదు. "నా గొంతుండంగా ఆ రేకు గొంతు ఎందుకప్పా నాకు?" అని కసురుకునేవాడు. బీడీ మీద బీడీ కాలుస్తూ, బెల్లం కుప్పల మధ్య తిరుగుతూ, ముప్పై ఏళ్ళు ఆ గొంతుతోనే సంసారం ఈదాడు.

అలాంటి మనిషి కడుపున మునిచంద్ర ఎలా పుట్టాడో ఆ దేవుడికే తెలియాలి. పక్కన కూర్చున్నా వాడి మాట వినాలంటే చెవి ఒగ్గాల్సిందే. డిగ్రీ అయ్యాక బెంగుళూరు, మద్రాసు ఇంటర్వ్యూలకు పోయి, అడిగినవాటికి జవాబులు తెలిసి కూడా నోరు పెగలక తిరిగొచ్చేశాడు. చివరికి జయచంద్ర అనే ఆయన నెట్ సెంటర్లో కుదిరాడు. మౌసుల్లో పేరుకున్న మురికి గీకడం, పిల్లకాయలకు హాల్ టికెట్లు ప్రింటు తీసివ్వడం, వైరస్ పట్టిన మెషీన్లను బాగుచేయడం, ఇదీ ఉద్యోగం. పొద్దున షట్టరు ఎత్తాక గిరాకీ వచ్చేదాకా దొరికే కాసేపే వాడి సొంత బతుకు.

ఆ కాసేపట్లో వాడు ఏం చేస్తున్నాడో ఇంట్లో ఎవరికీ సరిగ్గా బుర్రకెక్కలేదు. వాడు ఒక ప్రోగ్రాం రాస్తున్నాడు. మైకు ముందు మాట్లాడితే ఆ మాటను కంప్యూటర్లో భద్రం చేసే ప్రోగ్రాం. రాసి, అమ్ముకోకుండా నెట్‌లో పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపలి రాతంతా విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఏవేవో దేశాల నుంచి మెయిళ్ళు పెట్టి తప్పులు చూపించేవాళ్ళు, వాడు కూర్చుని దిద్దేవాడు. నోటితో చెప్పలేనివన్నీ అక్కడ వేళ్ళతో చెప్పేవాడు.

"ఊరికే చేస్తాడంట, ఊరికే! ఇట్లాంటి వెర్రోడిని యాడన్నా సూసినారా?" అని జయచంద్ర వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. మునిరామయ్యకు మాత్రం గొప్పే. "మావోడు రాసింది జర్మనీలో వాడతా ఉండారప్పా" అని మండీలో వేలానికీ వేలానికీ మధ్య చాటేవాడు. జర్మనీ ఏ దిక్కున ఉందో ఆయనకూ తెలియదు, విన్నవాళ్ళకూ తెలియదు. అయినా అందరూ తలలూపేవాళ్ళు.

ఇక ఆ ప్రోగ్రాంలో ఉన్న గొప్పంతా ఒక్కటే. అది రెండువేల ఐదో సంవత్సరం. చిత్తూరులో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పగలిగిన మొనగాడు లేడు. అందుకని మునిచంద్ర ఏం చేశాడంటే, మాట మైకులో పడీ పడగానే దాన్ని డిస్కు మీద రాసేసేలా పెట్టాడు. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా మాట్లాడినదంతా నిక్షేపంగా ఉంటుంది. ఊరి అగచాట్లలో నుంచి పుట్టిన తెలివి అది. ఏ పెద్ద కంపెనీవాడికీ రాని తెలివి!

సరే, వాడి పని చూసి ఒక పెద్ద బృందం ముందుకొచ్చింది. ఇలాంటి ఉచిత ప్రోగ్రాములన్నీ ఒకచోట చేర్చి ప్రపంచమంతా పంచేవాళ్ళు. నీదీ చేర్చుకుంటాం, నీ పేరూ వేస్తాం, కానీ ఒక్క మార్పు చెయ్యమన్నారు. మాటిమాటికీ డిస్కు మీద రాస్తుంటే మెషీన్ మందగిస్తోంది. అంతా మెమరీలోనే ఉంచుకుని, మాట్లాడటం ముగిశాక ఒక్కసారి రాస్తే చాలదా? కరెంటు అంత తరచుగా ఎక్కడ పోతుంది?

మా చిత్తూరులో పోతుందయ్యా అని రాయొచ్చు కదా! రాయలేదు. ఊరి పరువు పోతుందనుకున్నాడో, తన పరువే పోతుందనుకున్నాడో, సిగ్గుపడ్డాడు. అంతమంది దొరల మధ్య తానొక్కడే కరెంటు లేని ఊరివాడిలా కనిపించడం ఇష్టం లేకపోయింది. నోరు మూసుకుని ఆ భాగం తీసేశాడు. వాడి జాగ్రత్తంతా అందులోనే ఉందని వాడికి తెలుసు. తెలిసే తీసేశాడు.

ఇదిలా ఉండగా మునిరామయ్య గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి రాపిడి పుట్టిందనుకుని మిరియాల కషాయం తాగాడు. నెలలు గడిచినా తగ్గలేదు. మింగుడు పడటం కూడా కష్టమయ్యాక వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ అన్ని పరీక్షలూ చేసి, క్యాన్సర్ అని తేల్చారు. గొంతులోని మాటపెట్టె తీసేస్తేనే మనిషి దక్కుతాడు, ఆ తర్వాత మాట ఉండదు, మెడకు పెట్టిన రంధ్రం లోంచే ఊపిరి అన్నారు.

మండీ మునిరామయ్యకు మాట ఉండదట! భార్య పంకజాక్షి ఆస్పత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఆయన ఏడవలేదు. ఆయన దిగులంతా ఒక్కదాని మీదే ఉంది. పెద్దకూతురు రాజశ్రీ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పేరు పెట్టే రోజున బిడ్డ చెవిలో తాత మూడుసార్లు పేరు పలకాలి. ఆ ఇంట్లో అది తరాల ఆచారం. పేర్లు కూడా ముందే ఖాయం. మగబిడ్డయితే మునిరామయ్య తండ్రి తిరుమలయ్య పేరు, ఆడబిడ్డయితే ఆయన తల్లి జ్ఞానాంబ పేరు.

"బిడ్డ పుట్టేదాకా ఆగేకి కాదా సార్?" అని ఆయన డాక్టర్ను అడిగాడు. ఆగితే నువ్వుండవు అన్నాడు డాక్టరు.

అప్పుడు మునిచంద్ర జన్మలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "నాయనా, నువ్వేం దిగులు పడొద్దు. నీ గొంతు నేను దాస్తా. పేరు పెట్టే పొద్దు నీ గొంతే పలుకుతుంది." మునిరామయ్య కొడుకు వైపు అట్లాగే చూసి, వాడి తల మీద చెయ్యి వేశాడు.

ఆపరేషన్ సోమవారం. ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వేలూరు పోవాలి. ఆ శనివారమే పెద్ద బృందం నుంచి మెయిల్ వచ్చింది. నీ ప్రోగ్రాం చేర్చుకున్నాం, ఇదిగో నీ పేరు అని. వాడి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆదివారం పొద్దున నెట్ సెంటర్లో పక్కన పడేస్తే బాగుచేసి ఇంటికి తెచ్చుకున్న కంప్యూటర్ ముందు నాయనను కూర్చోబెట్టి కొత్త ప్రోగ్రాం తెరిచాడు. పాతది కూడా ఆ మెషీన్లోనే ఉంది. కానీ ప్రపంచం మెచ్చిన ప్రోగ్రాంలో మొట్టమొదట తన నాయన గొంతే పడాలని వాడి ఆశ.

"రేయ్ చంద్రా, పక్కింటి ఏకాంబరం మామ దగ్గర టేపురికార్డరు ఉండాది. దాన్ని గూడా పెడదాం" అంది రాజశ్రీ.

"దాంట్లో అంతా బుస్సుమంటా వస్తాదిలేక్కా. నేను రాసింది ఉండంగా టేపెందుకు?" అన్నాడు వాడు.

అచ్చం తండ్రి మాటే. ఎక్కడ పొగరు రావాలో అక్కడ రాలేదు గానీ, ఇక్కడ వచ్చింది.

మునిరామయ్య ముందు కాస్త బిడియపడ్డాడు. తర్వాత బొంగురు గొంతు సవరించుకుని, "తిరుమలయ్యా" అని మూడుసార్లు పిలిచాడు. "జ్ఞానాంబా" అని మూడుసార్లు పిలిచాడు. తల్లి పేరు పలికేటప్పుడు గొంతు వణికింది. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. పుట్టబోయే బిడ్డకు తన మండీ కథలు చెప్పాడు. వేలం పాడి వినిపించాడు. "నేను మీ తాతనమ్మా. నా మాట ఇట్లుండేది. మెడలో బొక్క సూసి బయపడొద్దు" అన్నాడు. రాజశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది. మునిచంద్ర ఆపించి ఒకసారి భద్రపరుద్దామనుకున్నాడు. అంత ఊపులో ఉన్న మనిషిని ఆపడానికి మనసొప్పలేదు. ఆదివారం కరెంటు కోత ఉండదులే అనుకున్నాడు.

తెర ఠక్కున నల్లబడింది. పక్కింటి టీవీ గొంతు కూడా ఆగిపోయింది.

మునిరామయ్య తుండుతో మొహం తుడుచుకుని అడిగాడు. "అంతా పడిందా నాయనా?"

"పడింది" అన్నాడు మునిచంద్ర.

ఎందుకన్నావురా ఆ మాట? ఏమీ పడలేదని నీకంటే బాగా తెలిసినవాడు ఈ భూమ్మీద ఉన్నాడా? బస్సుకు ఇంకా టైముంది, పక్కింట్లో టేపు ఉంది, బ్యాటరీలు వేస్తే పాడుతుంది. "పోయింది నాయనా, మళ్ళా ఒక్కసారి చెప్పు" అంటే ఆయన కాదనేవాడా? వాడి నోరు లేవలేదు. ఇన్నాళ్ళూ కూర్చుని తను రాసింది, ప్రపంచం మెచ్చింది, తన నాయన గొంతును మింగేసిందని ఒప్పుకోవడానికి వాడికి నోరు రాలేదు.

సాయంత్రం వేలూరు ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్నాడు. అప్పటికీ మునిరామయ్యకు గొంతుంది. కానీ ఆయన పెద్దగా మాట్లాడలేదు. "ఇంగ నాకేం దిగులు లేదురా. చెప్పాల్సిందంతా చెప్పేసినా" అని కళ్ళు మూసుకున్నాడు. మునిచంద్ర రెండు మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. పొద్దున్నే నర్సులు వచ్చి ఆయనను తీసుకుపోయారు.

ఇంటికి తిరిగొచ్చాక వాడు డిస్కంతా గాలించాడు. ఏముంటుంది? రాయనిది ఎక్కణ్ణుంచి వస్తుంది! జరిగినదంతా బృందానికి మెయిల్ రాశాడు. అయ్యో పాపం అన్నారు. ఇంకొకాయన, కరెంటు పోయినా నడిపించే బ్యాటరీ పెట్టె ఒకటి కొనుక్కోవచ్చు కదా అని సలహా ఇచ్చాడు. తీసేసిన భాగాన్ని వాడు మళ్ళీ కలిపి పంపితే, కావలసినవాళ్ళు వాడుకుంటారులే అని ఒక మూలన పెట్టారు. ఇప్పుడు అది ఎవరి గొంతును కాపాడుతుందో వాడికి అక్కర్లేదు. ఆ తర్వాత పొద్దున్నే షట్టరు ఎత్తినా, గిరాకీ వచ్చేదాకా ఉత్త తెర వైపు చూస్తూ కూర్చునేవాడు.

రాజశ్రీకి ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజు ఇల్లంతా చుట్టాలు. మెడకు గుడ్డ చుట్టుకుని మునిరామయ్య ఉయ్యాల పక్కన పీట మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు గానీ ఆ రోజు మొహం వెలిగిపోతోంది. కొడుకు వైపు చూసి, కంప్యూటర్ వైపు చెయ్యి చూపించి, ఇక పెట్టమన్నట్టు వేళ్ళు ఆడించాడు.

"అందురూ గమ్మునుండండి. ఆయన గొంతు వస్తాది" అంది పంకజాక్షి.

మునిచంద్ర కదల్లేదు. "కరెంటు లేదు నాయనా" అన్నాడు.

నడినెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. చుట్టాలంతా తలలెత్తి ఫ్యాను వైపు చూశారు. మునిరామయ్య చూడలేదు. ఆయన కొడుకునే చూశాడు.

"లేదు నాయనా" అన్నాడు మునిచంద్ర. "ఆ పొద్దే పోయింది. ఒక్క మాటా పడలా. నీకు చెప్పలేకపోయినా."

రాజశ్రీ "రేయ్!" అని ఆగిపోయింది. పంకజాక్షి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మునిరామయ్య ఉయ్యాల మీదికి వంగి, మనవరాలి చెవి దగ్గర నోరు పెట్టి పెదవులు కదిలించాడు. మెడ లోంచి గాలి మాత్రమే వచ్చింది. ఇంకోసారి కదిలించి, ఆపేశాడు. నిటారుగా లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని లాగి, ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టాడు. నువ్వు పలుకు అన్నట్టు బిడ్డను చూపించాడు.

"జ్ఞానాంబా" అన్నాడు మునిచంద్ర.

మునిరామయ్య తన చెవి దగ్గర చెయ్యి ఆనించి, వినబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"జ్ఞానాంబా!"

వినబడలేదు.

మూడోసారి వాడు ఏడుస్తూ గొంతు చించుకుని అరిచాడు. నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి కెవ్వుమంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. మునిరామయ్య అప్పుడు తల ఊపి, ఎవరి వైపూ చూడకుండా లోపలికి పోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.