బొట్టు పెట్టి పిలిచిన ఊరు

నిన్న ఇక్కడే భిలాయిలో, కోహ్కా నుంచి మా బంధువుల కోడలు శ్రావణ శుక్రవారం పేరంటానికి రమ్మని వాట్సాప్‌లో ఒక కార్డు పంపింది. మెరిసే పూల మధ్య లక్ష్మీదేవి, కింద హిందీలో ఆహ్వానం. ఫోను మా అత్తగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది గానీ, ఇందులోంచి చెయ్యొచ్చి బొట్టు పెడతాదేటే?" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. బొట్టు పెట్టి పిలవడం గురించి మా అత్తగారి దగ్గర హాస్యాలు చెల్లవు. ఎందుకు చెల్లవో చెప్పాలంటే కాస్త దూరం, అంటే రష్యా దాకా వెళ్ళాలి.

కోవిడ్‌కి ముందు, మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకని మావారు ఓడ ప్రయాణం పెట్టారు. ఆయనకి హథ్‌ఖోజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న వర్క్‌షాపు ఉంది. ఏ పనైనా డ్రాయింగు ప్రకారం జరగాలంటారు. విహారయాత్రకీ ఒక డ్రాయింగు వేశారు, ఏ మేడ ముందు ఎన్ని నిమిషాలో సహా. స్టీల్ ప్లాంటులో ముప్పైయేళ్ళు బ్లాస్ట్ ఫర్నేసు ముందు నిలబడ్డ మామగారు నీళ్ళంటే భయమని నెహ్రూ నగర్ ఇంట్లోనే ఉండిపోయారు. అత్తగారు మాత్రం ఓడ ఆగే ఊళ్ళ పేర్లన్నీ విని, "లెనిన్‌గ్రాడ్ వెళ్తాదా?" అని అడిగారు. ఇప్పుడు దాని పేరు సెంట్ పీటర్స్‌బర్గ్ అని మావారు దిద్దబోతే, "పేరు మారితే ఊరు మారిపోతాదేటిరా" అని పెట్టె సర్దడం మొదలుపెట్టారు. జంతికలు, పులిహోర పొడి, వాటి మధ్య కుంకుమ భరిణె.

అసలు సంగతి ఓడలో బయటపడింది. ఆవిడ కొత్తకోడలుగా భిలాయి వచ్చిన రోజుల్లో, క్వార్టర్స్‌లో నాలుగిళ్ళ అవతల ప్లాంటు పనికొచ్చిన రష్యా ఇంజనీరు కుటుంబం ఉండేదట. ఆ ఇంజనీరు భార్య ఒకరోజు చొరవగా మా వాళ్ళ ఇంట్లోకి వచ్చి, వంటింట్లో గిన్నెల మూతలన్నీ తీసి చూసి, ఇంగువ వాసనకి తుమ్మి, తెగ సంతోషపడి వెళ్ళిందట. మనవాళ్ళు పేరంటానికి ఎలా పిలుస్తారో కూడా చూసినట్టుంది. తన పిల్ల పుట్టినరోజుకి టీ సాసర్లో కుంకుమ వేసుకుని వచ్చి, అత్తగారికి బొట్టు పెట్టింది. నుదుటికి అందాల్సింది ముక్కు దాకా జారింది. "కల్ ఆనా. జరూర్ ఆనా," అంది, రేపు తప్పకుండా రమ్మని. ఆవిడకొచ్చిన హిందీ అంతే.

అత్తగారికి వెళ్ళాలని ఎంతో ఉంది. అయితే అప్పట్లో ఇంటి పెత్తనం ఆవిడ అత్తగారిది. గుడ్లూ మాంసమూ వండే ఇంటికి పేరంటమేటి, వద్దు అనేశారు. మర్నాడు ఆ రష్యావిడ పూలగౌను వేసుకుని వరండాలో నిలబడి సాయంత్రం దాకా ఇటే చూసిందట. కర్టెను వెనకనుంచి అత్తగారూ చూశారు. నెల తిరక్కుండా వాళ్ళు లెనిన్‌గ్రాడ్ వెళ్ళిపోయారు.

"ఇప్పుడావిణ్ణి వెతకాలా అత్తయ్యా?" అన్నాను.

"ఎక్కడని వెతుకుతాం? పేరే సరిగ్గా పలకడం రాదు. ఆ ఊళ్ళో ఒక్కరింటికి వెళ్తే చాలే. బొట్టు పెట్టి పిలిస్తే వెళ్ళలేదు నేను."

ఆ ఊళ్ళో ఓడ రెండు రోజులు ఆగింది. ఓడలో వచ్చినవాళ్ళు వీసా లేకుండా ఊళ్ళోకి దిగొచ్చు గానీ, గైడు పక్కనుంచి కదలకూడదు. మావారు ప్రైవేటు గైడ్లని మాట్లాడారు. మొదటిరోజు వచ్చిన కుర్రాడు మంచివాడే, కానీ ఇళ్ళు చూపించడం ప్రోగ్రాంలో లేదన్నాడు. బంగారు పూత పూసిన రాజమందిరంలో నలభై గదులు తిరిగి అత్తగారు అడిగింది ఒకటే: "ఇందులో వంటిల్లేదీ?"

రెండోరోజు నడివయసు ఆవిడ వచ్చింది. వ్యానులో కూర్చున్నాక కథంతా నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఫోను తీసి ఎవరితోనో రష్యన్‌లో మాట్లాడి, "మా అమ్మ ఇంట్లోనే ఉంది. కానీ చర్చి చూడటం కుదరదు," అంది. ఆ చర్చికి మావారి డ్రాయింగులో గంటన్నర ఉంది. ఆయన కాగితం కేసి చూశారు, వాళ్ళమ్మ కేసి చూశారు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మావారంటే నాకు గౌరవం పెరిగిన సందర్భాల్లో అదొకటి.

అది తొమ్మిదంతస్తుల పాత మేడ. లిఫ్టులో ముగ్గురం పడితే నాలుగోవారికి ఊపిరాడదు. గైడు తల్లికి డెబ్భై దాటి ఉంటాయి. మా కోసం హడావిడిగా లిప్‌స్టిక్ వేసుకున్నట్టుంది, ఒక పక్కకి పోయింది. అత్తగారు చెప్పులు గుమ్మంలో విడిచి, నేరుగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీది గిన్నె మూత తీశారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపల ఎర్రటి బీట్‌రూట్ పులుసు. ఇద్దరూ ఆ గిన్నెలోకి వంగి చూసి, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు.

తర్వాత టీ, చెర్రీ జామ్, ఒక కేకు. మనవల పుట్టినరోజుకి కూడా కేకు ముట్టని మనిషి. "అత్తయ్యా, గుడ్డుంటుంది," అని చెవిలో చెప్పాను.

"ఆనాడూ ఇదే మాట చెప్పి ఆపీసారు," అని ముక్క మొత్తం తినేశారు.

వెళ్ళే ముందు అత్తగారు భరిణె తీశారు. గోడ మీద ఒక పెద్దాయన ఫొటో, దాని ముందు చిన్న గాజు గ్లాసులో పూలు ఉన్నాయి. మావారు అది చూసి, "అమ్మా, ఆవిడకి..." అని నసిగారు.

"నాకు తెలుసురా. కళ్ళున్నాయి," అన్నారు అత్తగారు. ఆ పెద్దావిడ గడ్డం పట్టుకుని, నుదుటి మీద జాగ్రత్తగా, గుండ్రంగా బొట్టు పెట్టారు. "భిలాయి ఆనా. జరూర్ ఆనా." ఆవిడకి ఏమర్థమైందో తెలియదు. అత్తగారి రెండు చేతులూ పట్టుకుని తలుపు దగ్గర చాలాసేపు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. మావారు లిఫ్టు బటను నొక్కుతూనే ఉన్నారు.

ఇప్పుడు అలాంటి ఓడలు ఆ ఊరు వెళ్ళడం లేదంటున్నారు. వచ్చే శుక్రవారం కోహ్కా పేరంటానికి మేం వెళ్తున్నాం. మోకాళ్ళ నొప్పులతో ఎందుకు, ఫోన్లో పిలిచిన పిలుపే కదా అన్నాను. అత్తగారు అప్పటికే చీర తీసి మంచం మీద పెట్టుకున్నారు. పేరంటానికి వెళ్ళి రావడానికి ఒక గంట చాలు. వెళ్ళకపోతే ఎంతకాలం పడుతుందో ఆవిడకి తెలుసు.