కిటికీలో తెల్ల గొర్రె

తెలంగాణ వచ్చిన కొత్తలో కోస్గిలో నాకొక ఫొటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. నాయకుల మొహాలను తెల్లగా చేయడంలో నాకు మంచి పేరుండేది. అందుకే నేను కళాకారుణ్ననే నమ్మకం నాకు బాగా కుదిరిపోయింది.

ఒకరోజు పక్క ఊరి పాస్టరుగారు వచ్చారు. కొత్తగా కట్టుకున్న చిన్న చర్చికి రంగుటద్దాల కిటికీ కావాలన్నారు.

"గొర్రెను ఎత్తుకున్న కాపరి బొమ్మ ఉండాలె. అసలు రంగుటద్దాలంటే మాతోని కాదు. కంప్యూటర్‌ల అసొంటిది అయితదా?"

"ఎందుకు కాదు సారూ, ఒక్క బటన్ పని," అన్నాను.

నిజంగానే బటన్ ఉంది. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో రంగుటద్దం ఫిల్టర్. ఇంటర్నెట్‌లో దొరికిన కాపరి బొమ్మ మీద దాన్ని నొక్కాను. బొమ్మంతా చిన్నచిన్న గదులుగా చీలి, కాపరి మొహం కందిరీగల తుట్టెలా తయారైంది. గొర్రె ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

వారం రోజులు వీడియోలు చూసి అసలు పద్ధతి నేర్చుకున్నాను. బొమ్మ మీద ఇంకో లేయర్ వేసి, అంచుల వెంట లావుపాటి నల్లగీతలు చేత్తో గీయాలి. గీతల మధ్య ఒక్కో ముక్కను ఒక్కో రంగుతో నింపాలి. దాన్ని వెలుతురు దూరే స్టిక్కరు మీద ప్రింటు తీసి మామూలు అద్దానికి అతికిస్తే సరి. పాస్టరుగారు చూసి మెచ్చుకున్నారు.

"మంచిగున్నది గని, మొహం మన మనిషిలెక్క లేదు," అన్నారు.

మన మనిషి నా కంప్యూటర్‌లోనే ఉన్నాడు. సర్కారు గొర్రెల పథకం దరఖాస్తుకు ఫొటో దిగిన, అదే ఊరి ముసలి కురుమ కాపరి. భుజాన గొంగడి, పెద్ద మీసం, సంకలో నల్ల గొర్రెపిల్ల. మనిషిని తీసుకుని గొర్రెపిల్లను వదిలేశాను. ఇంటర్నెట్ వాళ్ల తెల్లగొర్రే అందంగా కనిపించింది. ఇన్ని గీతల మధ్య మొహాన్నెవరు గుర్తుపడతారులే అనుకున్నాను. ఆయన్నొక మాట అడగాలని తోచనేలేదు.

కిటికీకి అతికించాక మొదటి ఆదివారమే అందరూ గుర్తుపట్టారు. సోమవారం ఆయన కట్టె పట్టుకుని స్టూడియోకు వచ్చాడు.

"నన్ను చర్చిల పెట్టినవంట?"

"తప్పయింది పెద్దయ్యా," అన్నాను, కట్టె వైపు చూస్తూ.

"పెట్టినవు, మంచిదే. గని నా సంకల గా తెల్ల గొర్రె ఎవలది?"

"ఇంటర్నెట్‌లది."

"అంటే ఎవనిదో. నా మందల తెల్లది ఒక్కటి లేదు తమ్మీ. పరాయోని గొర్రెను ఎత్తుకపోతున్న అనుకోరా నలుగురు?"

దొంగతనం చేసింది నేనైతే, అనుమానం ఆయన మీదికి పోయింది. గొర్రెకు నల్లరంగు నింపాను. నల్లగీతలు అందులో కలిసిపోయి, కాపరి పొట్టకు చిల్లి పడినట్టయింది. చివరికి ముదురు కాఫీరంగు దగ్గర రాజీ కుదిరింది.

కొత్త ముక్క అతికించిన పొద్దున ఆయన మందతో సహా చర్చి దగ్గరికి వచ్చాడు. బయటి నుంచి చూసి పెదవి విరిచాడు.

"ఏమున్నది? అంత మసిలెక్క ఉన్నది."

"లోపల్నుంచి చూడాలె పెద్దయ్యా."

ఆయన గుమ్మం దగ్గర తటపటాయించాడు. పాస్టరుగారే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. కిటికీ నిండా ఎండ. ఆయన గొంగడి సర్దుకుని కిటికీ దగ్గరికి జరిగాడు.

"నా మొహంల గిన్ని రంగులున్నయా?" అన్నాడు మెల్లగా. అంతకుముందు నా పని చూసి ఎవరూ అలా అడగలేదు.

ఆలోగా మంద పక్క పల్లిచేనులో పడింది. చేను రైతు కేకలకు ముగ్గురం పరుగెత్తాం. పాస్టరుగారు తెల్లబట్టలతో గొర్రెలకు ఎదురెళ్లి చేతులు చాచారు. అవి ఆయన పక్కనుంచి ఇంకా లోపలికి పోయాయి.

"గట్ల కాదు సారూ! ముంగట నిలవడితె బెదురుతయి, ఎనుకకు రాండ్రి!" అని పెద్దయ్య అరిచాడు. ఆ పూట పాస్టరుగారు ఆయన చెప్పినట్టే విన్నారు.

రెండు ఎండాకాలాలకు స్టిక్కరు వెలిసిపోయింది. ముందు ఎరుపు, తర్వాత మొహం. దాన్ని గీకించి మామూలు అద్దం ఉంచేశారు. సంతలో పెద్దయ్య కలిసినప్పుడు ఆ సంగతి భయపడుతూనే చెప్పాను.

"పోనీ తియ్," అన్నాడాయన. "గన్ని దినాలు ఒక్క జాగల నిలవడుడు నాతోనైతదా?"