సుయాక్‌లో తూచిన చేప

పిటాన్ దగ్గరి చక్కెర మిల్లులో నేను తూనికల గుమాస్తాని. మిల్లు యజమానుల్లో పెద్దాయన్ని అందరం పెద్దమిస్యే, అంటే పెద్దదొర, అనేవాళ్ళం. ఆయన మా దీవి దక్షిణపు కొసన, సుయాక్‌లో సముద్రం ఒడ్డున బంగళా కట్టుకుని గాలంతో చేపలు పట్టేవారు. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరి గాలానికీ పడనంత పెద్ద కొమ్ముకోనం పట్టాలన్నది ఆయన పట్టుదల. మూతి ముందు కత్తిలాంటి కొమ్ముండే చేప అది. రికార్డు ఒప్పుకోవాలంటే నమ్మకమైన కాటా, తూచినవాడి సంతకం, పడవలో ఒక సాక్షి ఉండాలట. అన్నిటికీ కలిపి నన్ను రమ్మని కబురొచ్చింది.

బుధవారం పొద్దున్న ఆరున్నరకి రైలెక్కాను. ఇనుప కాటాని గోనెలో చుట్టి కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. పోర్ట్ లూయీలో ఒకసారి, రోజ్‌బెల్‌లో ఒకసారి బండి మారాలి. రోజ్‌బెల్‌లో చాలాసేపు ఆగాలి కనుక తిండి వెంట ఉంచుకోవడం మంచిది. నేను బెంచీ మీద కూర్చుని రొట్టె, టమాటా పచ్చడి తిన్నాను. పక్కన కూరగాయల గంపతో ఉన్న ముసలమ్మ, "సుయాక్‌లో నల్లరాళ్ళ వైపు పోకు బాబూ. అక్కడ అలల్ని ఆపే పగడపు గోడ లేదు, సముద్రం తిన్నగా మీదికొస్తుంది," అంది.

మూడింటికి సుయాక్ చేరాను. బస మిస్యే పడవ నడిపే అప్పన్న ఇంట్లో. మర్నాడు ఏడింటికి ముగ్గురం బయల్దేరాం. మిస్యే వెనక కుర్చీలో కూర్చుని, గాలపు కర్రని తోలు పట్టీలతో భుజాలకి బిగించుకున్నారు.

పన్నెండు దాటాక చేప పడింది. గాలం తగలగానే కొమ్ముకోనం గాల్లోకి ఎగురుతుందని అప్పన్న చెప్పాడు. ఇది ఎగరలేదు. మనిషి నడిచే వేగంతో, పోటుకి ఎదురుగా, పడవని నల్లరాళ్ళ వైపు లాక్కుపోయింది. గాలి పూర్తిగా పడిపోయింది. రాళ్ళ దగ్గర అలలు విరిగి తెల్లగా లేస్తున్నాయి గానీ, ఆ చప్పుడు మాదాకా రాలేదు.

"ఇలాంటి చేపని జామే చూడలే తమ్ముడూ, ఎప్పుడూ చూడలే," అన్నాడు అప్పన్న. "తాడు కోసేద్దామా, మిస్యే?"

"పా తూష్," అన్నారు మిస్యే. ముట్టుకోవద్దని. మరొకరి చెయ్యి తగిలితే రికార్డు చెల్లదు.

తర్వాత ఆయన మాట్లాడలేదు. గంట గడిచింది. రాళ్ళు ఇంకో పడవంత దూరంలో ఉండగా తాడు వదులైంది. చేప తనంతట తాను తిరిగి వచ్చి పడవ పక్కన ఆగింది. పెనుగులాడలేదు. దాని గుండ్రటి కన్ను మా వైపు కాక, కుర్చీ వైపే చూస్తోంది. అప్పన్న కొక్కెం వేశాడు. "పట్టేశారు, మిస్యే," అని నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళు మాత్రం చల్లగా ఉంది.

రేవులో చేపని వేలాడదీసి మూడుసార్లు తూచాను. మిస్యే నోటుపుస్తకంలో రాసుకున్న రికార్డుని అది దాటింది. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. ఎప్పుడు ఆగిందో చెప్పలేనన్నాడు.

బంగళాలో మిస్యే భార్య, మదామ్, రికార్డు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "వేరేవాళ్ళెవరైనా కర్ర ముట్టుకున్నారా?"

"లేదు, మదామ్."

"అయితే ఆయన పేరు రాయి. పదేళ్ళు దీనికోసమే బతికారు."

బరువు రాశాను, సంతకం పెట్టాను. పట్టినవారి పేరు దగ్గర కలం ఆపాను. "చేప తిరిగి రాకముందు నీళ్ళు కావాలా అని అడిగాను, మదామ్. తల ఆడించినట్టే అనిపించింది. కానీ అప్పుడు పడవ కూడా ఊగుతోంది. ఆయన బతికుండి పట్టారని ఒట్టు వేసి చెప్పలేను," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. కాగితాన్ని మడిచి, ఆయన్ని పడుకోబెట్టిన గదిలోకి వెళ్ళి, కోటు జేబులో పెట్టింది. చేపని కోయడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. అప్పన్న ఒక్కడే దాన్ని పగడపు గోడ అవతల వదిలి వచ్చాడు.

శుక్రవారం అంత్యక్రియలయ్యాక మధ్యాహ్నం బండి ఎక్కాను. సుయాక్ చూడదగ్గ ఊరే. రేవు చిన్నది, మనుషులు మంచివాళ్ళు, అప్పన్న ఇంట్లో భోజనం బాగుంటుంది. కిటికీ పక్క చెరకు తోటలు వెనక్కి పోతుంటే నాకు ఆ కన్ను గుర్తు రాలేదు, రాళ్ళూ గుర్తు రాలేదు. ఆయన ధ్యాస చెదరకూడదని నేనూ అప్పన్నా గుసగుసగా మాట్లాడుకున్న ఆ గంటే గుర్తొచ్చింది.